కుర్ర గార్డ్ ఎదుగుతున్నాడా లేదా: వాదనకు దిగేముందు చూడాల్సినవి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. పోర్ట్‌లాండ్ ట్రైల్ బ్లేజర్స్ జట్టు 2023 డ్రాఫ్ట్‌లో మూడో పిక్‌తో (మూడో ఎంపికగా) తీసుకున్న గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) స్కూట్ హెండర్సన్ తొలి ఏడాది ఆటకు 14.0 పాయింట్లు చేశాడు. రెండో ఏడాది 12.7కి తగ్గాడు. ఈ రెండు అంకెలు పట్టుకుని "ఇక ఇతని పని అయిపోయింది" అని కొందరు, "ఇంకా చిన్నవాడు, ఆగండి" అని ఇంకొందరు వాదించుకుంటూనే ఉన్నారు. అదే రెండో ఏడాది అతని ఫీల్డ్ గోల్ శాతం (ఆట నడుస్తుండగా వేసిన షాట్లలో పడినవి) 38.5 నుంచి 41.9కి, త్రీల (మూడు పాయింట్ల షాట్ల) శాతం 32.5 నుంచి 35.4కి పెరిగాయి. టర్నోవర్లు (బంతిని ప్రత్యర్థికి పోగొట్టుకోవడం) తగ్గాయి. పాయింట్లు తగ్గడానికి పెద్ద కారణం, ఆటకు వేసే షాట్లు రెండు దాకా తగ్గడం. ఇందులో నిజమైన ఎదుగుదల ఎంత, గాలివాటం ఎంత అన్నది పాయింట్ల సగటు చూస్తే తేలదు.

కింద చెప్పే పద్ధతి ఎన్‌బీఏలో 19 నుంచి 23 ఏళ్ళ మధ్య ఉన్న ఏ గార్డ్‌కైనా సరిపోతుంది. అంకెలకు ఒక గంట, వీడియోకు మూడు పూర్తి మ్యాచ్‌ల సమయం పెట్టుకోండి. ఒక నోట్‌బుక్, పెన్ను పక్కన ఉంచుకోండి. అంకెలకు బాస్కెట్‌బాల్ రిఫరెన్స్, ఎన్‌బీఏ వారి అధికారిక గణాంకాల పేజీ చాలు.

ముందు ప్రశ్న రాసుకోండి

చాలా వాదనలు తెగకపోవడానికి కారణం, ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తూ ఉండటం. "బాగా ఆడతాడు" అన్న మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి: బెంచ్ నుంచి వచ్చి ఇరవై నిమిషాలు నిలబెట్టగలడు, మంచి జట్టులో స్టార్టర్ (ఆట మొదలుపెట్టే అయిదుగురిలో ఒకడు) కాగలడు, ఆల్ స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ళలో ఒకడు) కాగలడు, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ దశలో) ఆఖరి అయిదు నిమిషాలు బంతి అతని చేతికిచ్చి కూర్చోవచ్చు. ఒక మెట్టుకూ పై మెట్టుకూ చాలా దూరం ఉంది. మీరు దేని గురించి మాట్లాడుతున్నారో ఒక వాక్యం రాసుకోండి. దాని పక్కన గడువు వేయండి: "నాలుగో సీజన్ ముగిసేలోగా".

తర్వాత ఆ నాలుగు మెట్లకూ, అయిదోదిగా "లీగ్‌లోనే నిలవడు" అన్నదానికీ, పదింటికి ఇన్ని అని అవకాశాలు పంచండి. మొత్తం పది కావాలి. ఈ చిన్న లెక్క వేయగానే వాదన మెత్తబడుతుంది. ఆల్ స్టార్ అవుతాడని గట్టిగా అన్న మనిషి కూడా అంకె వేయమంటే పదికి రెండో మూడో వేస్తాడు. బస్ట్ (పూర్తిగా విఫలం) అన్నవాడూ పదికి పది వేయడు. ఇద్దరి మధ్య నిజంగా ఉన్న తేడా అప్పుడే కనిపిస్తుంది.

చివరగా, మీ అభిప్రాయం ఏం చూస్తే మారుతుందో రెండు విషయాలు రాయండి. అవి కొలిచేవిగా ఉండాలి. "ఆత్మవిశ్వాసం పెరగాలి" అని రాస్తే దేనికీ పనికిరాదు. "రిమ్ (బుట్ట అంచు) దగ్గర ముగింపు, అంటే అక్కడ వేసిన షాట్లు పడటం, 60 శాతం దాటాలి" అని రాస్తే పనికొస్తుంది.

వయసు సరిచూడండి, సీజన్‌ను కాదు

పోర్ట్‌లాండ్ అభిమానులు స్కూట్‌ను తమ జట్టు తార డేమియన్ లిల్లార్డ్‌తో పోల్చడం సహజమే. లిల్లార్డ్ రూకీ (లీగ్‌లో తొలి) ఏడాదిలో 19.0 పాయింట్లు చేసి రూకీ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. అప్పటికి అతనికి 22 ఏళ్ళు, వీబర్ స్టేట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళు చదివి వచ్చాడు. స్కూట్ రూకీ సీజన్ మొదలుపెట్టినప్పుడు 19. రూకీని రూకీతో పోలిస్తే ఇక్కడ మూడేళ్ళ తేడాను మింగేస్తున్నట్టు. 18 నుంచి 22 మధ్య శరీరం, చూపు, నిర్ణయాలు మారినంతగా ఆ తర్వాత ఎప్పుడూ మారవు.

బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ ఆ సీజన్ ఫిబ్రవరి 1 నాటి వయసును చూపిస్తుంది. స్కూట్ పుట్టింది 2004 ఫిబ్రవరి 3న. అంటే అతని తొలి సీజన్ పక్కన 19 అని పడుతుంది, నిజానికి రెండు రోజుల్లో ఇరవై. జనవరిలో పుట్టినవాడితో పోల్చేటప్పుడు ఇలాంటిచోట ఏడాది తేడా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. కాబట్టి పుట్టిన తేదీ చూసి నెలల్లో లెక్కేయండి.

పోలికకు కనీసం ఆరుగురిని తీసుకోండి. అందులో సగం మంది విఫలమైనవారు ఉండాలి. ఇది తప్పనిసరి. "జేలెన్ బ్రన్సన్ కూడా రూకీగా 9.3 పాయింట్లే చేశాడు, ఇప్పుడు చూడండి" అన్న వాదనలో దోషం ఇక్కడే ఉంది. 9 పాయింట్ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోయినవాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. పైగా బ్రన్సన్ విలనోవా యూనివర్సిటీలో మూడేళ్ళు ఆడి 22 ఏళ్ళకు లీగ్‌లోకి వచ్చినవాడు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత గార్డుల విషయంలో చాలాసార్లు తప్పింది. 1997లో మూడో పిక్‌గా వచ్చిన చాన్సీ బిలప్స్ బోస్టన్, టొరంటో, డెన్వర్, మిన్నెసోటా తిరిగి 2002లో డెట్రాయిట్ చేరాడు, 2004లో ఫైనల్స్ ఎమ్‌వీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. 1996లో 15వ పిక్ అయిన స్టీవ్ నాష్‌ను రెండేళ్ళకే ఫీనిక్స్ వదులుకుంది. అతని తొలి ఆల్ స్టార్ 2002లో, 28 ఏళ్ళప్పుడు. ఎదుటి పక్కన కిలియన్ హేస్‌ను పెట్టండి. 2020లో ఏడో పిక్. పాస్ చేయడం వచ్చు, ఎత్తు ఉంది, డిఫెన్స్ ఉంది. తొలి మూడు సీజన్లలో ఒక్కసారి కూడా ఫీల్డ్ గోల్ 40 శాతం తాకలేదు. 2024 ఫిబ్రవరిలో డెట్రాయిట్ వదిలేసింది. షాట్‌కు ఎవరూ భయపడనప్పుడు పాస్ దారులు కూడా మూసుకుపోతాయని అతని కెరీర్ చూస్తే అర్థమవుతుంది.

అంకెల్లో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు

మొదట ట్రూ షూటింగ్ (అన్ని రకాల షాట్లనూ కలిపి చూసే సామర్థ్యం) లెక్కేయండి. ఫ్రీ త్రో (ఫౌల్ అయినప్పుడు అడ్డు లేకుండా వేసే షాట్) ప్రయత్నాలను 0.44తో గుణించి, ఫీల్డ్ గోల్ ప్రయత్నాలకు కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి. ఉదాహరణకు 16 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 18 పాయింట్లు చేసిన గార్డ్‌ది 18 ÷ 35.52, అంటే 50.7 శాతం. 18 పాయింట్లు అనగానే బాగుందనిపిస్తుంది. కానీ ఈమధ్య సీజన్లలో లీగ్ సగటు 58 శాతం దగ్గర ఉంది. అంటే ఆ కుర్రాడు షాట్ వేసిన ప్రతిసారీ జట్టు సగటు కంటే నష్టపోతోంది. పాత ఆటగాళ్ళతో పోల్చేటప్పుడు జాగ్రత్త: 2003-04లో లీగ్ సగటు 52 శాతం దగ్గరే ఉండేది. ఆనాటి 52 సాధారణం, ఈనాటి 52 ఇబ్బంది. అందుకే ఏ ఏడాది అంకెనైనా ఆ ఏడాది సగటుతో తేడాగా రాసుకోండి: మైనస్ 6, ప్లస్ 1, ఇలా.

తొలి ఏడాది సగటు కంటే నాలుగైదు పాయింట్లు కిందున్నా కంగారు పడనక్కర్లేదు. బంతి చేతిలో పెట్టుకుని ఆడే 19, 20 ఏళ్ళ గార్డులకు అది మామూలే. మూడో ఏడాది కూడా అక్కడే ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

త్రీల శాతం దగ్గరే అభిమానులు ఎక్కువగా మోసపోతారు. అసలు సత్తా 35 శాతం ఉన్న షూటర్‌ను తీసుకోండి. అతను 25 త్రీలు వేస్తే, కేవలం అదృష్టం అటూఇటూ అవడం వల్లే ఫలితం 16 నుంచి 54 శాతం దాకా ఎక్కడైనా పడవచ్చు. 200 వేస్తే 28 నుంచి 42. 400 వేస్తే 30 నుంచి 40. 800 వేసినా 32 నుంచి 38. వేసిన షాట్ల సంఖ్య చూడకుండా శాతం చెప్పేవాళ్ళ మాట పక్కన పెట్టవచ్చు. జులైలో లాస్ వెగాస్ సమ్మర్ లీగ్‌లో నాలుగైదు ఆటలు చూసి "షాట్ సరైపోయింది" అనడం ఈ లెక్కలో మొదటి వరుసకు చెందుతుంది. అక్కడి ఆట 40 నిమిషాలే, జట్లు కలిసి సాధన చేసింది కొద్ది రోజులే.

శాక్రమెంటో కింగ్స్‌లో డిఆరన్ ఫాక్స్ సంగతి దీనికి చక్కటి పాఠం. రూకీ ఏడాది త్రీలు 30.7 శాతం, రెండో ఏడాది 37.1. షూటర్ అయిపోయాడని అందరూ రాశారు. మూడో ఏడాది 29.2. రెండో ఏడాది అతను ఆటకు వేసింది మూడు త్రీల లోపే, ఫ్రీ త్రోలు 72.7 శాతం, అంతకుముందు ఏడాది కంటే దాదాపు కదలలేదు. ఫ్రీ త్రో కదలకుండా త్రీ ఒక్కటే ఎగిరితే ఆ ఎగురుడును సగానికి కోసి చూడండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ టైరీస్ మ్యాక్సీ. కెంటకీ యూనివర్సిటీలో త్రీలు 29.2 శాతం, అవీ 113 ప్రయత్నాలే. ఫ్రీ త్రోలు మాత్రం 83.3. షూటర్ కాదన్న పేరుతో 2020లో 21వ పిక్ దాకా జారాడు. రూకీ ఏడాది త్రీలు 30.1, ఫ్రీ త్రోలు 87.1. రెండో ఏడాది త్రీలు 42.7. చేతిలో మంచి టచ్ ఉందని ఫ్రీ త్రోలు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాయి. 2024లో మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ అయ్యాడు.

మార్కెల్ ఫుల్ట్జ్ కాలేజీలో త్రీలు 41.3, ఫ్రీ త్రోలు 64.9. ఆ తేడా చూసి అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. అయితే అతని కథ మొత్తాన్ని ఈ ఒక్క అంకెకు కట్టేయడం అన్యాయం. 2018 డిసెంబర్‌లో భుజం నరాలకు సంబంధించిన థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ ఉన్నట్టు తేలింది. ఫ్రీ త్రో సూత్రానికి మినహాయింపు కూడా ఉంది. లోంజో బాల్ రూకీగా ఫ్రీ త్రోలు 45.1, త్రీలు 30.5. న్యూ ఆర్లీన్స్ వెళ్ళాక షాట్ రూపమే మార్చుకున్నాడు, 2020-21కి ఫ్రీ త్రోలు 78.1, త్రీలు 37.8. షాట్ వేసే తీరు కళ్ళకు కనిపించేంతగా మారితే పాత అంకెలకు విలువ తగ్గించి, మారిన రోజు నుంచి కొత్త లెక్క మొదలుపెట్టండి. తీరు మారకుండా "వేసవిలో చాలా కష్టపడ్డాడు" అన్న వార్త ఒక్కటే వస్తే లెక్క మార్చకండి.

ఇదే కొలత స్కూట్‌కు పెడితే: సీజన్‌కు మూడు వందల పైచిలుకు త్రీలు వేసే గార్డ్‌కు 32.5కూ 35.4కూ మధ్య తేడా అదృష్టం పరిధిలోనే ఉంది. మెరుగై ఉండొచ్చు, రుజువు కాలేదు. ఫ్రీ త్రోలు 81.9 నుంచి 76.7కు పడటం కూడా అంతే. ఆటకు రెండున్నర వేసేవాడికి అయిదు శాతం ఊగడం వింత కాదు. టర్నోవర్లు తగ్గడం ఎక్కువ నమ్మదగ్గ మార్పు, ఎందుకంటే అది ప్రతి పొసెషన్‌లోనూ (బంతి జట్టు చేతికొచ్చిన ప్రతిసారీ) కొలుస్తున్న విషయం, త్వరగా నిలకడకు వస్తుంది.

టర్నోవర్లను కూడా విడదీసి చూడండి. ఆటకు మూడున్నర టర్నోవర్లు, తొమ్మిది అసిస్ట్‌లు (బుట్ట పడేలా చేసిన పాస్‌లు) ఉన్నవాడు ధైర్యంగా పాస్ చేస్తున్నాడు. ఒకటిన్నర టర్నోవర్లు, మూడు అసిస్ట్‌లు ఉన్నవాడు బంతిని పక్కకు తోసి బాధ్యత వదిలించుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళ గార్డ్‌లో నాకు రెండోదే ఎక్కువ భయం. తప్పులు తగ్గించుకోవడం నేర్చుకోవచ్చు, దారి కనిపించకపోవడాన్ని సరిదిద్దడం చాలా కష్టం.

ఇంకో రెండు అంకెలు త్వరగా చూసేయండి. ఫ్రీ త్రో ప్రయత్నాలను షాట్లతో భాగిస్తే 0.20 కంటే తక్కువ వస్తే అతను శరీరాన్ని తగలనివ్వకుండా తప్పుకుంటున్నట్టు, 0.30 దాటితే చాలా మంచిది. అలాగే మొత్తం షాట్లలో రిమ్ దగ్గర ఎన్ని అన్నది. రిమ్ దగ్గరికి వెళ్ళగలగడం ముందు, అక్కడ ముగించడం తర్వాత. తరచూ వెళ్తూ 54 శాతం ముగించే కుర్రాడికి బలం, అనుభవం పెరిగితే శాతం పెరుగుతుంది. అసలు వెళ్ళనివాడికి బలం పెరిగినా ఉపయోగం లేదు.

వీడియో చూసే పద్ధతి

అధికారిక గణాంకాల పేజీలో బాక్స్ స్కోర్ తెరిస్తే ఆటగాడి పేరు ఎదురుగా ఉన్న అంకెల మీద నొక్కి ఆ ఘటనల వీడియో చూడవచ్చు. టర్నోవర్ల అంకె మీద నొక్కితే అతని టర్నోవర్లన్నీ వరసగా వస్తాయి. పది ఆటల టర్నోవర్లు ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. హైలైట్ రీళ్ళ కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే హైలైట్‌లో ఏ గార్డ్ అయినా ఆల్ స్టార్‌లాగే ఉంటాడు.

అయినా పూర్తి మ్యాచ్‌లకు ప్రత్యామ్నాయం లేదు. పోర్ట్‌లాండ్ సొంత మైదానంలో రాత్రి ఏడింటి ఆట చలికాలంలో మనకు ఉదయం ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ఆఫీసు మధ్యలో ఫోన్‌లో చూసిన ఆటను లెక్కలోకి తీసుకోకండి, రికార్డింగ్ చూడండి. మూడు ఆటలు ఎంచుకునేటప్పుడు ఒకటి గట్టి డిఫెన్స్ ఉన్న జట్టుపై, ఒకటి అతను బాగా ఆడినది, ఒకటి పేలవంగా ఆడినది తీసుకోండి. నాలుగో క్వార్టర్‌లో ఇరవై పాయింట్ల తేడా ఉన్న నిమిషాలు దాటేయండి.

నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గళ్ళు: ఎదుటి జట్టు పిక్ అండ్ రోల్‌ను (సహచరుడు గార్డ్‌ను కాస్తున్నవాడికి అడ్డు నిలిచి, అంటే స్క్రీన్ వేసి, బుట్ట వైపు కదలడాన్ని) ఎలా ఆపింది, ఇతను ఏం ఎంచుకున్నాడు, అది సరైన ఎంపికా, ఆఖరికి ఏమైంది. మూడో గడిని నాలుగో గడి కంటే ముందే నింపండి. అవసరమైతే వీడియో ఆపండి. కార్నర్‌లో (మైదానం మూలలో) ఖాళీగా ఉన్నవాడికి సరిగ్గా పాస్ వెళ్ళి, వాడు మిస్ చేస్తే అది గార్డ్‌కు మంచి మార్కే. ఇద్దరి మీదుగా ఎగిరి వేసిన షాట్ పడినా చెడ్డ మార్కే. మూడు ఆటల్లో యాభై అరవై పొసెషన్లు రాస్తే చిత్రం తేలుతుంది.

ఇక ఆ మొదటి గడిలో ఏం రాయాలో.

డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి (బుట్ట వైపుగా చుట్టి) వెళ్తున్నాడా? వెళ్తుంటే, ఇతని త్రీ అంటే ఆ జట్టుకు భయం లేదన్నమాట. నా దృష్టిలో మొత్తం పరీక్షలో అన్నిటికంటే నిజాయితీ గల అంకె ఇదే. పది స్క్రీన్లకు ఎన్నిసార్లు కింద నుంచి వెళ్తున్నారో నవంబర్‌లో ఒకసారి, మార్చిలో ఒకసారి లెక్కపెట్టండి. ఏడు నుంచి నాలుగుకు తగ్గితే, జీతం తీసుకుని ఇతన్ని చదివే ప్రత్యర్థి కోచ్‌లు తమ అభిప్రాయం మార్చుకున్నారని అర్థం. త్రీల శాతం ఆ నెలలో ఎలా ఊగినా సరే. కింద నుంచి వెళ్ళినప్పుడు అతను వెంటనే షాట్‌కు లేస్తున్నాడా, లేక తటపటాయించి బంతి వెనక్కి ఇస్తున్నాడా అన్నది కూడా రాయండి. మిస్ అయినా లేచేవాడు దారిలో ఉన్నాడు.

డ్రాప్ వేస్తే, అంటే బిగ్ (ఎత్తైన ఆటగాడు) పెయింట్‌లోకి (బుట్ట ముందున్న రంగు భాగంలోకి) తగ్గి నిలబడి, గార్డ్ డిఫెండర్ వెనక నుంచి వెంటాడితే, కుర్ర గార్డులు చేసే తప్పు ఒకటే: స్క్రీన్ దాటిన వేగంతోనే నేరుగా బిగ్ ఛాతీ మీదకు దూసుకెళ్ళడం. చేయాల్సింది వేగం తగ్గించడం. వెంటాడుతున్నవాణ్ణి వీపు మీద ఉంచుకుని, బిగ్ ఒక అడుగు ముందుకేసేదాకా ఓపిక పట్టి, ముందుకేస్తే లాబ్ (బుట్ట దగ్గరికి ఎత్తుగా విసిరే పాస్) లేదా బౌన్స్ పాస్, వేయకపోతే ఫ్లోటర్ (ఎత్తుగా తేలేలా వేసే షాట్) లేదా పుల్ అప్ (ఆగి వేసే షాట్). షే గిల్జస్ అలెగ్జాండర్‌ది లీగ్‌లో అతి వేగవంతమైన తొలి అడుగేమీ కాదు. ఆగడం, మళ్ళీ కదలడం, డిఫెండర్ బరువు ఎటు వాలిందో చూసి అటు వ్యతిరేకంగా వెళ్ళడం అతని బలం. రూకీగా 10.8 పాయింట్లు చేసినవాడు 2024-25లో 32.7 చేసి ఎమ్‌వీపీ అయ్యాడు. అందుకే ఏ కుర్ర గార్డ్‌నైనా చూసేటప్పుడు ఎంత వేగంగా పరిగెడుతున్నాడో కాదు, ఎంత బాగా ఆగగలుగుతున్నాడో చూడండి. పెయింట్‌లో రెండు కాళ్ళ మీద ఆగి, పంప్ ఫేక్ ఇచ్చి, వెనక్కి తిరిగి పాస్ చేయగలిగితే పెద్ద ప్లస్. ఎప్పుడూ ఒంటి కాలి మీద గాల్లోకి లేచాకే ఏం చేయాలో ఆలోచిస్తుంటే, అతని టర్నోవర్ల వీడియోలో గాల్లోంచి విసిరిన పాస్‌లే సగం ఉంటాయి.

డిఫెండర్లు స్విచ్ చేసి (తాము కాసే మనుషుల్ని మార్చుకుని) బిగ్ ఎదురుగా వస్తే దాడి చేస్తున్నాడా, లేక షాట్ క్లాక్ పది సెకన్లు బంతి కొడుతూ కూర్చుని స్టెప్ బ్యాక్ (వెనక్కి అడుగేసి షాట్) వేస్తున్నాడా? రెండోది అలవాటైతే ట్రూ షూటింగ్ ఎన్నటికీ పైకి రాదు.

బ్లిట్జ్ చేసి ఇద్దరు మీదకు వస్తే రెండు డ్రిబుల్స్ వెనక్కి వేసి, వల మూసుకోకముందే ఫ్రీ త్రో గీత దగ్గరికి దొర్లే బిగ్‌కు పాస్ ఇవ్వాలి. కుర్రాళ్ళు సైడ్ లైన్ వైపు తిరిగి చిక్కుకుపోతారు, ఆ తర్వాత తల మీదుగా ఎత్తుగా విసిరిన పాస్‌ను ఎవరో ఒకరు లాక్కుంటారు. ఒక మాట: జట్లు ఇతన్ని బ్లిట్జ్ చేయడం మొదలుపెట్టాయంటేనే అది గౌరవం. ఆ నెలలో టర్నోవర్లు పెరిగితే ఎదుగుదల ఆగిందనుకోకండి, పరీక్ష కష్టమైంది.

ఏ కవరేజ్ (డిఫెన్స్ పద్ధతి) అయినా చివరికి బలహీన పక్షపు (బంతి లేని వైపు) కార్నర్ డిఫెండర్ లోపలికి వస్తాడు. అతను వదిలిన కార్నర్‌కు పాస్ ఎప్పుడు వెళ్తోంది? అతను రాకముందే ఊహించి వేస్తే అది ఎన్‌బీఏలో పై వరుస చూపు. వచ్చాక వేస్తే ఫర్వాలేదు. వచ్చి వెళ్ళిపోయాక వేస్తే డిఫెండర్ మళ్ళీ చేరుకుంటాడు, షాట్ ఖాళీగా ఉండదు. అసిస్ట్‌ల సంఖ్య ఒకటే అయినా ఈ అర సెకను తేడా ఆటగాళ్ళను విడదీస్తుంది.

ఎడమవైపు పరీక్ష కూడా పెట్టండి. కుడిచేతి వాటం ఉన్న గార్డ్ ఎడమకు వెళ్ళినప్పుడు ఎడమ చేత్తో ముగిస్తున్నాడా, లేక చివర్లో బంతిని కుడికి మార్చి బిగ్ చేతికి అందిస్తున్నాడా? రెండేళ్ళు గడిచినా మారకపోతే ప్లేఆఫ్స్‌లో అతన్ని ప్రతిసారీ అటే తోస్తారు.

డిఫెన్స్‌కు ఒక్క ఆట కేటాయిస్తే చాలు. బంతి ఉన్నవాడి మీద పడి గోల చేయడాన్ని కాదు, స్క్రీన్ తగిలాక మళ్ళీ మనిషిని అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో, బంతికి దూరంగా ఉన్నప్పుడు తల తిప్పి తన మనిషిని మర్చిపోతున్నాడా అన్నదాన్ని చూడండి. ఆరడుగుల రెండు అంగుళాల గార్డ్ డిఫెన్స్‌లో గొప్పవాడు కానక్కర్లేదు, వేటాడబడకుండా ఉంటే చాలు. స్టీల్స్ (లాక్కున్న బంతుల) సంఖ్యను దీనికి రుజువుగా తేవద్దు. చెయ్యి చాచి జూదమాడి దెబ్బతిన్న సందర్భాలు ఆ అంకెలో కనిపించవు.

చుట్టూ ఎవరున్నారు

టైరీస్ హాలిబర్టన్ 2021-22 సీజన్ సగంలో శాక్రమెంటో కింగ్స్ నుంచి ఇండియానా పేసర్స్‌కు మారాడు. శాక్రమెంటోలో ఆటకు 14.3 పాయింట్లు, 7.4 అసిస్ట్‌లు. అదే సీజన్ ఇండియానాలో 17.5, 9.6. మనిషి వారంలో మారలేదు. ఫాక్స్‌తో పంచుకోవాల్సిన బంతి పూర్తిగా చేతికొచ్చింది. కాబట్టి అంకె పెరిగినా తగ్గినా ముందు అడగాల్సింది: బంతి ఎంతసేపు అతని చేతిలో ఉంది, పక్కన ఇంకో గార్డ్ ఉన్నాడా, లాబ్ పట్టే బిగ్ ఉన్నాడా, కార్నర్లలో షూటర్లున్నారా. స్టార్టర్‌గా అయిదు ఆటలు, బెంచ్ నుంచి పది ఆటలు ఆడితే ఆ రెండు ముక్కలనూ విడిగా చూడండి.

ఒక్క ఆట ప్లస్ మైనస్‌ను (అతను ఆడుతుండగా రెండు జట్ల పాయింట్ల తేడాను) వాదనలో వాడకండి. సీజన్ మొత్తానికి చూసినా, ఓడిపోయే జట్టులో బెంచ్ ఆటగాళ్ళతో ఎక్కువసేపు ఆడిన కుర్రాడికి అది అన్యాయం చేస్తుంది.

గాయాల నెలలను తీసేసి కూడా ఒకసారి లెక్క చూడండి. కాలి కండరం దెబ్బతిన్న గార్డ్‌కు ఆగే శక్తి, వేగం రెండూ తగ్గవచ్చు. స్కూట్‌కు మూడో సీజన్ మొదలవకముందే, 2025 సెప్టెంబర్‌లో, హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) చిరిగింది. అలా తిరిగొచ్చినవాడి మొదటి ఇరవై ఆటలను ఎదుగుదలకు గానీ పతనానికి గానీ సాక్ష్యంగా పెట్టకండి.

ఎప్పుడు తిరిగి లెక్క చూడాలి

వారం వారం అభిప్రాయం మార్చుకుంటే అలసట తప్ప ఏమీ మిగలదు. ఆల్ స్టార్ విరామానికి ఒకసారి, సీజన్ అయ్యాక ఒకసారి చాలు. మీరు మొదట రాసుకున్న పదికి ఇన్ని అన్న పంపకం తీసి, ఒక్కో గడి ఒకటికి మించి కదలకుండా సవరించండి. అంతకు మించి కదలాలనిపిస్తే కారణం రాయండి. ఆ కారణంలో త్రీల శాతం తప్ప ఇంకేమీ లేకపోతే కదపకండి.

జట్టు ఏమనుకుంటోందో తెలిసే తేదీలు కూడా ఉన్నాయి. మొదటి రౌండ్ పిక్‌కు రెండేళ్ళ జీతం గ్యారంటీ. మూడో ఏడాది ఆప్షన్‌ను (ఒప్పందాన్ని ఆ ఏడాదికి కొనసాగించే జట్టు హక్కును) రెండో సీజన్ మొదట్లో, నాలుగో ఏడాది ఆప్షన్‌ను మూడో సీజన్ మొదట్లో, అక్టోబర్ 31లోగా జట్టు తేల్చాలి. పై వరుస పిక్‌కు ఆప్షన్ తీసుకోవడం పెద్ద విశేషం కాదు, తీసుకోకపోతేనే వార్త. అసలు తీర్పు మూడో సీజన్ తర్వాతి వేసవిలో మొదలయ్యే ఎక్స్‌టెన్షన్ (ఒప్పందం పొడిగింపు) చర్చలది. వాటి గడువు నాలుగో సీజన్ మొదలయ్యే ముందు రోజు. 2023 బ్యాచ్‌కు అది 2026 శరదృతువు. అక్కడ సంతకం పడకపోతే జట్టు నమ్మకం పోయిందని వెంటనే రాసేయకండి: నాలుగో ఏడాది తర్వాత క్వాలిఫయింగ్ ఆఫర్ (ఒక ఏడాది ఒప్పందపు ప్రతిపాదన) ఇస్తే అతను రెస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు, బయటి ఆఫర్‌కు సరితూగి అట్టిపెట్టుకునే హక్కు జట్టుకే ఉంటుంది. చాలా జట్లు ఇంకో ఏడాది ఆట చూసి ధర తేల్చుకోవడానికి ఆ దారి ఎంచుకుంటాయి. సంతకం పడితే మాత్రం ఏడాదికి వచ్చే మొత్తాన్ని ఆ సీజన్ శాలరీ క్యాప్‌తో (జట్టు జీతాల పరిమితితో) భాగించి చూడండి. 25 శాతం దగ్గరుంటే జట్టు అతన్ని ముఖ్యమైన బంతి చేతివాడిగా చూస్తోంది, 12 శాతం దగ్గరుంటే మంచి మూడో గార్డ్‌గా చూస్తోంది. మీరు మొదట రాసుకున్న మెట్టు పక్కన ఆ శాతం రాయండి.